నడిచే పట్టా మీద విమానం

లక్ష్మీకామేశ్వరమ్మకి ఏ విషయమైనా తేలాలి. తేలందే ఆవిడకి అన్నం సయించదు, పక్కవాళ్లనీ తిననివ్వదు. "అంటారండీ", "అయ్యుండొచ్చండీ" లాంటి మాటలకి ఆవిడ గడపలోపల చోటు లేదు. ఆమదాలవలస బజార్లో ఎవరైనా ఇద్దరు వాదించుకుంటూ ఆవిడ రావడం చూశారంటే, గభాలున మాట మార్చి ఎండల గురించి మాట్లాడుకునేవారు. అదైనా జాగ్రత్తగానే. నిరుటి ఎండ ఎక్కువా, ఈ యేటి ఎండ ఎక్కువా అన్నదాకా మాట వెళ్లిందో, ఆవిడ కూరల సంచీ కింద పెట్టేసేది.

ఆవిడ పుట్టిల్లు విజయనగరం. తండ్రి వీణ వాయించేవారు, బాబాయిలు పాడేవారు, మేనత్త తప్పులు పట్టేది. ఫలానా కీర్తనలో ఫలానా చోట గమకం ఉందా లేదా అని పేచీ వస్తే, అది తేలేదాకా విస్తళ్లు వెయ్యడానికి వీల్లేదని ఆ ఇంటి కట్టడి. అలా ఆకలి మీద పెరిగిన పట్టుదల ఆవిడది. మామూలుగా పెరిగిన పట్టుదలలు దాని ముందు నిలిచేవి కావు.

భర్త జానకిరామయ్య ఆమదాలవలస రైలుస్టేషన్లో పార్సిలు గుమాస్తా. మెత్తని మనిషి. ఆఫీసులో ఏదైనా తేలకపోతే "విచారణలో ఉన్నది" అని చీటీ అంటించి ఓ మూల పెట్టేయొచ్చు. ఇంట్లో ఆ సదుపాయం లేదు. పైగా ఇంట్లో ఏది తేలాలన్నా, దానికి కావలసిన సామగ్రిలో ఆయనొకడు.

ఒకసారి పక్కింటివాళ్లు పనసకాయ తెచ్చుకుని, ఇది నీళ్లలో పడితే మునుగుతుందా తేలుతుందా అని ఊసుపోక అనుకున్నారు. "ఇంత బరువుంది, మునగదూ" అన్నాడు ఇంటాయన. "వరదొచ్చినప్పుడు మా ఊళ్లో తేలగా చూశాను" అంది ఇంటావిడ. వాళ్లింకా నవ్వుకుంటూనే ఉన్నారు. కామేశ్వరమ్మ వచ్చి, కాయనెత్తి వాళ్ల నూతిలో పడేసింది. అందరూ గట్టు మీంచి వంగి చూశారు.

"తేలింది" అంది ఆవిడ.

కాయా తేలింది, విషయమూ తేలింది. తేలిన కాయని పైకి తియ్యడానికి జానకిరామయ్య తాడు పట్టుకుని నూతిలోకి దిగాల్సొచ్చింది.

మరోసారి పలాస నుంచి వచ్చిన చుట్టమొకాయన, జీడిపిక్క రసం ఒంటికి తగిలితే ముందు దురద పుట్టి తరవాత పొక్కుతుందన్నాడు. కాదు, ముందు పొక్కి, తరవాతే దురద పుడుతుందన్నాడు ఇంకో చుట్టం. జానకిరామయ్య కాఫీ తాగుతూ వింటున్నాడు. ఆ సమయంలో అక్కడ ఉండటమే ఆయన చేసిన పొరపాటు.

"ఏవండీ, ఎడంచెయ్యి ఓసారి ఇలా ఇవ్వండి."

"ఎందుకే?"

"ఇవ్వండి, చెప్తాను."

ముందు దురదే పుట్టింది. మర్నాడు చేతికి గుడ్డ చుట్టుకుని ఆఫీసుకి వెళ్తే, ఏమైందని స్టేషన్ మాస్టరు అడిగాడు. "తేలిందండీ" అన్నాడు జానకిరామయ్య. బొబ్బ సంగతి కాబోలనుకుని ఆయన వెన్న రాసుకోమన్నాడు.

అలాంటి కామేశ్వరమ్మ ఒక్క విషయాన్ని మాత్రం వారాల తరబడి తేల్చలేకపోయింది. అదెలా జరిగిందో ఊరికి ఇప్పటికీ తెలియదు. జానకిరామయ్యకి తెలుసు గానీ ఆయన చెప్పడు.

వాళ్లు అద్దెకున్నది నరసింగరావు, జగన్నాధం అనే అన్నదమ్ముల ఇంట్లో. ఇంటి వెనకే వాళ్ల రైసుమిల్లు. వ్యాపారం అన్న నరసింగరావుది, ఇంజను తమ్ముడు జగన్నాధానిది. గుప్పెడు వడ్లు నలిపి చూసి అవి ఏ ఊరి వడ్లో అన్న చెప్పేవాడు, చప్పుడు విని ఇంజనుకి ఏ జబ్బో తమ్ముడు చెప్పేవాడు. ఆ జగన్నాధం విశాఖపట్నంలో పాతసామాన్ల వాళ్ల దగ్గర ఓ పొడుగాటి రబ్బరు పట్టా సంపాదించి, రోలర్ల మీద బిగించి, ఇంజనుకి తగిలించాడు. కళ్లంలో ఎండిన వడ్ల బస్తాలు దాని మీద పెడితే వాటంతటవే మిల్లులోకి పోయేవి. ఊరు దానికి నడిచే పట్టా అని పేరు పెట్టింది. నరసన్నపేట నుంచి కూడా జనం వచ్చి చూసిపోయేవారు. వచ్చినవాళ్లందరికీ నరసింగరావు "మా తమ్ముడు సేసినాడు" అని చూపించేవాడు. తమ్ముడు వినేట్టుగా మాత్రం ఎప్పుడూ అనలేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో వాళ్ల మేనల్లుడు చినబాబు సెలవు మీద వచ్చాడు. అతను విమానాల దళంలో మెకానిక్కు. పట్టా నడవడం చూసి ఓ ప్రశ్న వేశాడు.

"మావా, ఇలాటి పట్టాయే బాగా పెద్దది ఉన్నాదనుకో. దాని మీద విమానం ఎట్టినాం. విమానం ముందుకి ఎంత జోరుగా పరిగెడితే, పట్టా అంత జోరుగా ఎనక్కి నడుస్తాది. అప్పుడు విమానం లేస్తాదా, లేవదా? దీని మీద మావోళ్లు కొట్టుకునీదాకా ఎల్లినారు."

"ఎలా లేస్తాదిరా" అన్నాడు నరసింగరావు. "పట్టా మీద ఎదురు నడిసినోడు ఉన్నకాడే ఉంటాడు. కదల్నిది లేస్తాదేటి."

"విమానం కాళ్లతో నడవదు అన్నయ్యా" అన్నాడు జగన్నాధం. "దాని జోరంతా ముందరున్న పంకాది. పంకా గాలిని తోస్తాది. సక్రాలు ఊరికే దొర్లుతాయి. లేస్తాది."

చినబాబు సెలవైపోయి రైలెక్కి వెళ్లిపోయాడు. ప్రశ్న మాత్రం ఊళ్లో దిగిపోయింది.

రోజూ ఇదే వాదన. ఓ రోజు ధాన్యం తెచ్చిన రైతుల ముందు నరసింగరావు, "ఇంజనుకి నూనె పోసినంత సులువనుకున్నావేట్రా విమానమంటే" అన్నాడు. "బస్తాలకి మూతులు కుట్టించినంత సులువూ కాదులే" అన్నాడు జగన్నాధం. రైతులు నవ్వారు. ఆ నవ్వు ఇద్దరికీ గుచ్చుకుంది. విమానం పోయి వాటాలు వచ్చాయి. ఉగాది వెళ్లాక మంచిరోజు చూసి, ఇంటి మధ్య నుంచి మిల్లు దాకా అడ్డంగా గోడ కట్టేసుకుందామన్నారు. గోడ దారికి అడ్డంగా నడిచే పట్టా ఉంది. దాన్ని కత్తిరించి చెరో ముక్కా తీసుకుంటారట. తాపీమేస్త్రీ సూరయ్యకి కబురు పెట్టారు. ఇటికలు దిగాయి. అన్నదమ్ములకి మాటలు పోయాయి.

వాళ్ల తల్లి దేముడమ్మ ఇటికల కుప్ప చూసి, తిన్నగా, ఊరంతా పంతులమ్మ అని పిలిచే కామేశ్వరమ్మ దగ్గరకొచ్చి కూలబడింది.

"పంతులమ్మా, ఊరందరి గొడవలూ తేల్సినావు. నా గొడవ కూడా తేల్సు. ఆ గోడ లేస్తే నాను ఏ పక్కనుండాల? పెద్దోడింట తింటే సిన్నోడు ఏడుత్తాడు. సిన్నోడింట తింటే పెద్దోడు ఏడవడు గానీ, తిండి మానేత్తాడు. విమానం లేస్తే నాకేటి, లేకపోతే నాకేటి. గోడ లేస్తాదా లేవదా, అది సెప్పు."

జానకిరామయ్యకి కళ్లు చెమ్మగిల్లాయి. భార్య ఏదో ఓదార్పుమాట అంటుందని చూశాడు.

"ముందు విమానం తేలాలండీ" అంది కామేశ్వరమ్మ. "గోడ సంగతి తరవాత."

ముసలావిడ ముఖం చిన్నబోయింది. జానకిరామయ్యకి భార్య మీద నిజంగా కోపం వచ్చింది. జీడిరసం నాడు కూడా అంత రాలేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. అన్నదమ్ములిద్దర్నీ ఇటికల కుప్ప దగ్గరికి పిలిపించింది. చెరో వైపూ నిలబడ్డారు.

"గోడ కడతారు సరే. గోడకి మందం ఉంటుంది కదా. ఆ మందం ఎవరి జాగాలోంచి పోతుంది?"

ఇది ఇద్దరికీ తట్టలేదు. రైతుబిడ్డలకి మూరెడు జాగా అంటే మూరెడే.

"ఓడినోడి జాగాలోంచి పోవాల" అన్నాడు నరసింగరావు. తమ్ముడితో మాటల్లేవు కాబట్టి ఆకాశంతో అన్నాడు.

"అలాగే కానీ" అన్నాడు జగన్నాధం, ఇంజనుతో.

"అయితే విమానం సంగతి తేలేదాకా ఒక్క ఇటిక గోడకి వెళ్లకూడదు" అంది కామేశ్వరమ్మ. ఇద్దరూ ఒప్పుకున్నారు. పంతులమ్మ చేతిలో పడింది, రేపు పొద్దున్నకి తేలిపోతుందని ఊరు నమ్మింది. సూరయ్య తాపీ కడిగి సిద్ధంగా పెట్టుకున్నాడు.

ఊళ్లో విమానం లేదు కాబట్టి సైకిలుతో మొదలెట్టింది. తొక్కేవారెవరో చెప్పక్కర్లేదు.

"నాకు సైకిలు సరిగ్గా రాదే" అన్నాడు జానకిరామయ్య.

"మీరేం ముందుకి వెళ్లక్కర్లేదు కదండీ. ఉన్నచోటే ఉంటారుట. ఇంక భయమేవిటి?"

జగన్నాధం ఇంజను దగ్గర నిలబడ్డాడు. నరసింగరావు పట్టా కొసని నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య దూరం పెద్దగా లేదు గానీ, మాటలన్నీ కామేశ్వరమ్మ మీదుగానే నడవాలి.

"అమ్మగోరూ, ఆ ఇంజను కాడున్న మనిషితో నెమ్మదిగా ఇమ్మని సెప్పండి."

"నెమ్మదిగా ఇమ్మంటున్నారండీ."

"ఇనపడింది అనండి."

"వినపడిందట."

"ఇనపడితే మంచిదే అనండి."

పట్టా కదిలింది. జానకిరామయ్య తొక్కాడు. ఎంత తొక్కినా ఎదురుగా ఉన్న వేపచెట్టు అక్కడే ఉంది. ప్రాణం కుదుటపడి, ఆయనకి కాస్త హుషారు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే పంచె అంచు గొలుసులో పడింది. కాళ్లు ఆగిపోయాయి, పట్టా ఆగలేదు. సైకిలుతో సహా ఆయన్ని వెనక్కి, ధాన్యం పోసే గుంట వైపు తీసుకుపోతోంది.

"ఒరే జగ్గా, ఆపరా, పంతులుగోరు ఊకైపోతారు" అని అరిచాడు నరసింగరావు.

"ఆపేసినాను అన్నయ్యా, దెబ్బ తగిలిందేటో సూడు" అని జగన్నాధం పరిగెత్తుకొచ్చాడు.

ఇద్దరూ కలిసి ఆయన్ని లేవదీసి, పంచె విడిపించి, ఊక దులిపారు. అంతా అయ్యాక ఏం జరిగిందో గుర్తొచ్చి, అన్న ఆకాశం వైపు తిరిగాడు, తమ్ముడు ఇంజను తుడవడానికి పోయాడు.

"లేవలేదు. అందరూ సూసినారు కదా" అన్నాడు నరసింగరావు పైకి చూస్తూ.

"సైకిలు కాళ్ల జోరుతో పోతాది. దీన్ని విమానమంటే ఇంజను నవ్వుతాది" అన్నాడు జగన్నాధం గుడ్డతో.

"నిజమే. ఏదీ తేలలేదు" అంది కామేశ్వరమ్మ. మోకాలు పట్టుకుని కూర్చున్న జానకిరామయ్యకి ఆవిడ ముఖంలో రవంతైనా నిరాశ కనబడలేదు. ఇంకా ఎన్ని సైకిళ్లున్నాయో అని ఆయనకి గుండె జారింది.

తరవాత సాక్ష్యం కావాలంది. నరసన్నపేటలో అసిరయ్య అనే ముసలాయన ఉన్నాడనీ, యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో విమానాల మైదానం చదును చేసే పనికి వెళ్లాడనీ, విమానాలు లేవడం కళ్లారా చూశాడనీ తెలిసింది. అన్నదమ్ములిద్దరూ కూడా రావాలంది. ఒకరు విని ఒకరికి చెప్తే చెల్లదంది. బస్సులో మిగిలినవి ఇద్దరు పట్టే సీట్లు రెండు. ఒకదాంట్లో తను, భర్త కూర్చున్నారు. రెండోదాంట్లో అన్న కిటికీలోంచి పొలాలు చూస్తూ, తమ్ముడు కండక్టర్ని చూస్తూ నరసన్నపేట దాకా వెళ్లారు.

అసిరయ్య ఇంటి ముందు జనం గుంపుగా ఉన్నారు. ఆయనకి జ్వరం, మంచం దిగడం లేదు. ఆ సంగతి కామేశ్వరమ్మకి తెలియదు. గుమ్మంలో కనబడ్డ కోడలితో నేరుగా విషయంలోకి దిగింది.

"విమానం లేవడం గురించి తేల్చుకుందామని వచ్చామమ్మా. అసలు లేస్తుందా లేదా అని."

ఆ ప్రాంతంలో పిల్లాపాపలతో నిండుగా బతికిన పెద్దలు పోతే, పాడెని పూలతో అలంకరించి విమానం కడతారు. కోడలు గొల్లుమంది.

"వోలమ్మ, మా మావకి ఇంకా ఊపిరాడతన్నాది, అప్పుడే విమానానికి ఊరవతల నుంచి వొచ్చేసినారు."

లోపల మంచం కిర్రుమంది. "ఎవులది? నానుండగానే నా విమానం లేపీడానికొచ్చినోలు ఎవులు?" అంటూ అసిరయ్య కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. తూలి పడబోతే అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకున్నారు. "అది కాదు తాతా, గాల్లో ఎగిరీ విమానం" అని అన్న మొదలెడితే, "పట్టా మీద ఎడితే లేస్తాదా అని" తమ్ముడు పూర్తి చేశాడు. అసలు సంగతి అర్థమయ్యాక ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వి, ఆకలేస్తన్నాది అంబలి పొయ్యమన్నాడు. ఆ తరవాత సాక్ష్యం చెప్పాడు.

"లేస్తాది. లేసీ రోజుల్లో బాగానే లేసీది. లేవని రోజుల్లో మేవే తోసీవోలం."

ఇది ఏ పక్షానికీ పనికి రాలేదు. తిరుగు బస్సులో మాత్రం, "నానుండగానే నా విమానవేటి" అని గుర్తొచ్చి నరసింగరావు కిటికీతో నవ్వాడు. పక్కనే జగన్నాధం కండక్టరుతో నవ్వాడు. కండక్టరు టిక్కెట్లు చింపడం ఆపి తనలో ఏం తప్పుందో చూసుకున్నాడు.

"ఏదీ తేలలేదు" అంది కామేశ్వరమ్మ.

ఉగాది వెళ్లిపోయింది. పంతులమ్మకి పదును తగ్గిందని బజార్లో అనుకున్నారు. స్టేషన్లో అయితే జానకిరామయ్య మొహం మీదే అడిగారు. "మీ ఇంటావిడకి ఆ విమానం ఇంకా తేలలేదా అండీ?" "విచారణలో ఉన్నది" అన్నాడు ఆయన ముభావంగా. ఇన్నేళ్లూ ఆవిడ పట్టుదలకి ఒళ్లప్పగించినవాడు ఆయన. ఆ పట్టుదల ఓడిపోతోందంటే ఆయనకే నామోషీగా ఉంది.

ఇక విమానమే చెయ్యాలని ఆవిడ తీర్మానించింది. వెదురు బద్దలతో ఒళ్లు, గాలిపటాల కాగితంతో రెక్కలు, దారపు రీళ్లతో చక్రాలు. ముందరి పంకా జగన్నాధం చెక్కాడు. సైకిలు ట్యూబు సన్నగా కోసి మెలిపెడితే, ఆ మెలి విడుతూ పంకా తిరుగుతుంది. నరసింగరావు దూరం నుంచి చూసి ఊరుకోలేకపోయాడు.

"అమ్మగోరూ, ఆ మనిషి పచ్చి ఎదురు తెచ్చినాడు. పచ్చిది బరువు. రేపది లేవకపోతే నా గెలుపు గెలుపు కాదు, ఎదురు తప్పంటారు. నా సావిట్లో ఎండుది ఉన్నాది, తీసుకోమనండి."

ఎండు వెదురు వచ్చింది. దాన్ని జగన్నాధం చీల్చే తీరు నచ్చక నరసింగరావే కత్తి తీసుకుని కూర్చున్నాడు. దేముడమ్మ గంజి కాచి తెచ్చి కాగితాలంటించింది. మొదటి విమానం పట్టా మీదే ముక్కు నేలకి కొట్టుకుంది. రెండోది పక్కకి దూకింది. మూడోదానికి రెక్క ఊడింది.

"రెక్కకి వొంపు సాల్లేదు" అన్నాడు నరసింగరావు. ఈసారి ఆకాశం వైపు చూడటం మర్చిపోయాడు.

"నీకెలా తెలుసు?"

"కాకిని సూడు."

ఇద్దరూ వాకిట్లో నిలబడి పొద్దున్నంతా కాకుల్ని చూశారు. ధాన్యం తెచ్చిన రైతులు కూడా చేసేదిలేక కాకుల్నే చూశారు.

వంపు కుదిరాక పట్టా కుదరలేదు. ఓ పక్క పల్లంగా ఉంది, విమానం అటే ఒరిగిపోతోంది. ఎత్తుపెట్టడానికి ఏదైనా కావాలన్నాడు జగన్నాధం. నరసింగరావు చుట్టూ చూశాడు. "ఈ ఇటికలు ఊరికే పడున్నాయి" అని, పంచె ఎగ్గట్టి మోత మొదలెట్టాడు. సాయంత్రానికి కుప్పలో సగం పట్టా కిందకి పోయింది. మర్నాడు మిగతా సగమూ పోయింది. కామేశ్వరమ్మ రోలర్ల పక్కన వంగి ఎత్తుపల్లాలు చూస్తూ, "ఇంకా రెండు పట్టేట్టున్నాయండీ" అంటూ ఉంది.

అయినా విమానం లేవలేదు. ఎన్నోసారో, జగన్నాధం పంకా ఊడదీసి నేల మీద పెట్టేశాడు.

"ఇది లేవదు అన్నయ్యా. నా పంకాలో జోరు లేదు. ఒగ్గేద్దాం."

నరసింగరావుకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"లేవదేటి? ఎందుకు లేవదు? పాతసామాన్లలో రబ్బరు ముక్క తెచ్చి బస్తాల్ని నడిపించినోడివి. నువ్వు సేసింది లేవకపోతే ఇంకెవుడు సేసింది లేస్తాది? పంకా మళ్లీ సెక్కు. రాత్రంతా సెక్కుతావో, పగలంతా సెక్కుతావో. నా తమ్ముడు సేసిన విమానం లేస్తాది. లేవదన్నోడి నోట్లో ఊక పోస్తాను."

పదిమందికీ చెప్పిన మాట అన్న ఇన్నాళ్లకి తమ్ముడితో చెప్పాడు. జగన్నాధం తల వంచుకుని పంకా తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న పట్టా నడిచింది. జగన్నాధం ఇంజను చూసుకున్నాడు. విమానం తోక నరసింగరావు పట్టుకున్నాడు, ఇంకెవరికీ ఇవ్వనన్నాడు. పట్టా జోరుగా వెనక్కి పోతోంది. దారపు రీళ్లు గిర్రున తిరుగుతున్నాయి. "ఒగ్గు" అన్నాడు తమ్ముడు. అన్న వదిలాడు. విమానం ఓ క్షణం తడబడి, పట్టాని పట్టించుకోకుండా ముందుకి పోయి, ముక్కెత్తి, లేచింది. ఎండుతున్న వడ్ల మీదుగా, కొంగల్లా మెడలు చాచిన జనం మీదుగా వెళ్లి, అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తున్న తాపీమేస్త్రీ సూరయ్య తలపాగాలో దిగబడింది.

సూరయ్య తలపాగాతో సహా దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, వచ్చిన పని అడిగాడు.

"బాబూ, విమానం ఇయ్యాల తేలిపోతాదన్నారు. గోడ ఎటునుంచి మొదలెట్టమంటారు?"

"ఏ గోడ?" అన్నారు అన్నదమ్ములిద్దరూ.

"మీరే కదా బాబూ, అడ్డుగోడ అన్నారు. ఇటికలు కూడా దించినారు. ఇటికలేవీ?"

"ఇటికలు కాళీ లేవు" అన్నాడు నరసింగరావు. "పట్టా కింద ఉన్నాయి, సూత్తన్నావు కదా. నువ్వు ముందా విమానం జాగర్తగా ఇలాగియ్యి."

సూరయ్య ఇచ్చేశాడు. దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. అంతటితో అయిపోయిందని జానకిరామయ్య అనుకున్నాడు. కానీ నరసింగరావు అక్కడున్నవాళ్లందరికీ వినపడేట్టు, "నాను మొదట్నుంచీ సెప్తనే ఉన్నాను, లేస్తాదని" అన్నాడు.

"నువ్వా?" అన్నాడు జగన్నాధం. "నువ్వు లేవదన్నావు. లేస్తాదన్నది నాను."

"నిన్న లేవదని పంకా పారేసింది ఎవుడు?"

"నిన్నటి మాట కాదు. సినబాబు అడిగిననాటి మాట."

మాటలు మళ్లీ గట్టిపడుతున్నాయి. జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. సూరయ్య తాపీ సంచీ మళ్లీ భుజం మీంచి దించాడు. ఎవరో, "పంతులమ్మగోరు ఉన్నారు కదా, ఆరినడగండి. ఆరికి అన్నీ గేపకవే" అన్నారు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఏ పెళ్లిలో ఏ వంటకంలో ఉప్పు తగ్గిందో, తగ్గిందని మొదట ఎవరన్నారో కూడా చెప్పగలిగిన మనిషి. దేముడమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సెప్పండి అమ్మగోరూ, మొదట లేవదన్నది ఎవరు?" అన్నాడు నరసింగరావు. అన్నాడే గానీ ఆయన గొంతులో బింకం లేదు.

కామేశ్వరమ్మ గుమ్మంలో ఉన్న దేముడమ్మ వైపు ఓసారి చూసింది.

"జ్ఞాపకం లేదండీ" అంది.

ఊరు నివ్వెరపోయింది. నరసింగరావు పెద్దగా ఊపిరి వదిలి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "పోనీరా, ఎవుడో అన్నాడు ఎదవ" అన్నాడు. "ఎవుడో ఎదవే" అన్నాడు జగన్నాధం. సూరయ్య ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం జానకిరామయ్య డ్యూటీకి బయల్దేరితే, కూరలకని ఆవిడ కూడా బజారు దాకా వచ్చింది. కొంతదూరం నడిచాక ఆయన ఉండబట్టలేకపోయాడు.

"నీకు జ్ఞాపకం లేకపోవడమేవిటే?"

"లేకేం. ఉంది."

"మరి?"

"చెప్తే తేలిపోతుంది కదండీ. ఒకరు తేలితే రెండోవారు మునిగిపోరూ?"

జానకిరామయ్య నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. "అయితే విమానం లేస్తుందని నీకెప్పుడు తెలుసు?"

"చినబాబు అడిగిన మర్నాడే. మీరు స్టేషన్లో ఉన్నారు. చాప మీద లక్కబండి పెట్టి, దాని తాడు ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చాపని వెనక్కి లాగాను. చక్రాలు గిరగిరా తిరిగాయి గానీ, బండి ఉన్నచోటే ఉంది. తాడు లాగితే ముందుకొచ్చేసింది, చాపని ఎంత గుంజినా సరే. విమానానికి ఆ తాడు గాలి చేతిలో ఉంటుంది. అంతే కదా."

"అంతా తెలిసే నన్ను సైకిలెక్కించావా?"

"ఎవరో ఒకరు పడితే గానీ వాళ్లు మాట్లాడుకోరండీ. మీరైతే నెమ్మదిగా పడతారు."

కోపం రావలసిన చోట ఆయనకి నవ్వొచ్చింది. ఆ ముసలావిడతో ఆనాడు అంత కటువుగా ఎందుకు మాట్లాడావని అడగబోయి, జవాబు తనకే తెలిసి మానుకున్నాడు. ఓదార్పుమాట చెప్పేసి ఊరుకోవడం ఆవిడకి చేతకాదు. ఇంకో నాలుగడుగులు వేశాక మరో అనుమానం వచ్చింది.

"ఇలా తెలిసీ తేల్చకుండా వదిలేసినవి మన ఇంట్లో కూడా ఉన్నాయా?"

"కొన్ని ఉన్నాయి."

"అంటే, తేలిస్తే మునిగేది నేనా?"

ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడింది.

"వెళ్లండి, బండొచ్చేస్తోంది."

"పోనీ ఒక్కటి చెప్పు."

"చెప్పను."

"ఒక్కటంటే ఒక్కటి. తేలాలి కామేశ్వరీ, అది తేలాల్సిందే" అన్నాడు జానకిరామయ్య, రోడ్డుకి అడ్డంగా నిలబడి.

ఆవిడ ఆయన్ని చుట్టుకుని వెళ్లి, నవ్వుకుంటూ వంకాయలు ఏరుకోవడం మొదలెట్టింది.